నల్లకోటుకు రెండో పట్టా ఎందుకు?

2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒక కబురు చెప్పింది. ఇక మీదట ఒకే కాలంలో రెండు డిగ్రీలు చదువుకోవచ్చు. రెండూ కాలేజీకి వెళ్లి చదివేవే అయినా, తరగతుల వేళలు ఒకదానిమీద ఒకటి పడకపోతే చాలు. ఒకటి కాలేజీలో, ఇంకొకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేసుకున్నా సరే. ఈ సంగతి ప్రకటించిన అప్పటి యూజీసీ చైర్మన్ మామిడాల జగదీశ్‌కుమార్ మన నల్గొండ జిల్లా మామిడాల ఊరివారే. నకిరేకల్ లాంటి ఊళ్లలో లాసెట్ ర్యాంకు వచ్చిన ఇంట్లో ఆ కబురు ఒక ప్రశ్నగా మిగిలింది: వట్టి ఎల్‌ఎల్‌బీ ఎందుకు, దానితోపాటే ఎంబీఏనో ఎంఏనో కూడా లాగించేస్తే పోలా? ఒక ఫీజు, ఒక హాస్టలు, ఒక వయసు. బయటికొచ్చేసరికి రెండు పట్టాలు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే లా చదువు విషయంలో ఈ లెక్క రెండు చోట్ల తప్పుతుంది. ఒకటి చట్టం దగ్గర, రెండోది కక్షిదారు తెచ్చి బల్లమీద పెట్టే ఫైలు దగ్గర. చట్టం సంగతి తొందరగానే తేలిపోతుంది. ఫైలు సంగతే ఎక్కువ ఆలోచించాల్సింది.

ముందు చట్టం. యూజీసీ మార్గదర్శకాల్లోనే ఒక షరతు ఉంది: వృత్తి విద్యల విషయంలో ఆయా వృత్తి మండళ్ల నిబంధనలు వర్తిస్తాయి. వైద్యానికి ఒక కమిషన్ ఉన్నట్టే న్యాయవిద్యకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉంది. దాని 2008 నాటి న్యాయవిద్యా నిబంధనల్లో 6వ నిబంధన ఈ సంగతినే చెబుతుంది. లా డిగ్రీలో చేరిన విద్యార్థి అదే కాలంలో ఇంకో డిగ్రీలోగానీ, పీజీలోగానీ, సర్టిఫికెట్ కోర్సులోగానీ, అదే యూనివర్సిటీలో అయినా వేరే సంస్థలో అయినా పేరు నమోదు చేసుకోకూడదు. మినహాయింపులు మూడే. ఒకే సంస్థ కలిపి నడిపే ఇంటిగ్రేటెడ్ డిగ్రీ. భాష, కంప్యూటర్ వంటివాటిలో కొద్దికాలం పార్ట్‌టైమ్‌గా చదివే సర్టిఫికెట్ కోర్సులు. యూనివర్సిటీల దూరవిద్యా కేంద్రాలు నడిపే కోర్సులు. అంటే పొద్దున లా కాలేజీ, సాయంత్రం ఎంబీఏ కాలేజీ అనే ఏర్పాటు యూజీసీ దగ్గర చెల్లినా బార్ కౌన్సిల్ దగ్గర చెల్లదు. దీన్ని గట్టిగా అమలు చేయమని 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ లా కాలేజీలన్నిటికీ సర్క్యులర్ పంపింది. మరో రెగ్యులర్ డిగ్రీ చేస్తున్నారా, ఉద్యోగం చేస్తున్నారా అన్నది విద్యార్థి డిక్లరేషన్ ఇవ్వాలి. హాజరు బయోమెట్రిక్‌లో పడాలి. నల్లకోటు వేసుకోబోయే మనిషి తన వృత్తిలోకి మొదటి అడుగే ఒక అబద్ధపు డిక్లరేషన్‌తో వేయడం ఎంత విడ్డూరమో వేరే చెప్పక్కర్లేదు.

'ఎవరు చూస్తారండీ, సంతకాలు పెట్టించుకుంటారు, పరీక్షలప్పుడు పోతే సరిపోతుంది' అనే మాట మన దగ్గర బలంగానే ఉంది. దానికి కారణం లేకపోలేదు. లా చదువు అంటే ఉద్యోగస్తులు తీరిక వేళల్లో చేసుకునే చదువు అన్న పేరు ఒక తరం పాటు నడిచింది. కానీ నిబంధనల కొలత వేరు. ఒక్కో సబ్జెక్టులో 70 శాతం హాజరుండాలి, తగిన కారణముంటే 65 దాకా సడలించవచ్చు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో సెమిస్టరంటే కనీసం 15 వారాలు, వారానికి 30 గంటల బోధన. అందులో ఉపన్యాసాలే 24 గంటలు, మిగతాది మూట్ కోర్టు, ట్యుటోరియల్, సెమినార్. హాజరు చాలలేదని లా విద్యార్థిని పరీక్ష రాయనీయకుండా ఆపొద్దని 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది నిజమే. అది పరీక్ష హాలు తలుపు సంగతి. 6వ నిబంధనకూ దానికీ సంబంధం లేదు. అసలు మాట ఏమిటంటే, వారానికి 30 గంటలు కూర్చుని, దానికి సరిపడా ఇంట్లో చదివి, కోర్టుకు వెళ్లి విచారణలు చూసే పిల్లవాడికి ఇంకో రెగ్యులర్ డిగ్రీకి సమయం మిగలదు. మిగిలిందంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి జరగడం లేదన్నమాట.

ఇంతకీ రెండు డిగ్రీలు కలిపి చదవడమనేది ఎక్కడ పుట్టిందో చూస్తే అది ఎప్పుడు పనికొస్తుందో తెలుస్తుంది. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ 1969 నుంచీ లా, బిజినెస్ కలిపి నడుపుతోంది. అక్కడ లా మూడేళ్లు, ఎంబీఏ రెండేళ్లు. విడివిడిగా ఐదేళ్లు పట్టేది కలిపితే నాలుగేళ్లలో అయిపోతుంది. దాని ఆకర్షణంతా ఆ మిగిలిన ఏడాదిలో ఉంది. మన దేశంలోనూ అదే లెక్క ఇంకో రూపంలో వచ్చింది. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో మాధవ మీనన్ ఆధ్వర్యంలో 1988లో మొదలైన ఐదేళ్ల కోర్సు ఆ తరవాత దేశమంతా పాకింది. మనకు 1998లో హైదరాబాదులో నల్సార్ వచ్చింది. ఇప్పుడు లాసెట్ ద్వారా ఉస్మానియా పరిధిలోని కాలేజీల్లోనూ ఇంటర్ తరవాత బీఏ ఎల్‌ఎల్‌బీ, బీబీఏ ఎల్‌ఎల్‌బీ దొరుకుతున్నాయి. మూడేళ్ల డిగ్రీ, మూడేళ్ల లా విడివిడిగా చేస్తే ఆరేళ్లు. కలిపితే ఐదేళ్లు. అంటే ఇంటర్ కాగానే ఐదేళ్ల లాలో చేరిన నకిరేకల్ పిల్ల ఇప్పటికే రెండు డిగ్రీల చదువులో ఉంది. దానిమీద ఇంకొకటి వేసుకోవాలా అన్నది మూడో పట్టా ప్రశ్న అవుతుంది, రెండోది కాదు.

కాబట్టి మన ఊళ్లలో నిజంగా తేల్చుకోవాల్సింది ఐదేళ్ల కోర్సా, మూడు ప్లస్ మూడా అన్నది. ఇక్కడ చాలామందికి తెలియని ఒక నిబంధన ఉంది. ఇంటిగ్రేటెడ్ కోర్సును నడుమలో విడగొట్టి డిగ్రీ ఇవ్వడానికి వీల్లేదని బార్ కౌన్సిల్ 13వ నిబంధన చెబుతుంది. డిగ్రీ ఉందని నడుమలో చేరడానికీ లేదు, మూడేళ్లయ్యాక బీఏ పట్టుకుని బయటపడటానికీ లేదు. ఐదేళ్లూ పూర్తయితే రెండు పట్టాలు. నాలుగో ఏట ఆగిపోతే చేతిలో మిగిలేది మళ్లీ ఇంటర్మీడియట్ సర్టిఫికెటే. ఆగిపోవడానికి మన దగ్గర కారణాలకు కొదవా? బోర్లు ఎండి పంట పోయిన ఏడాది, ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు, ఆడపిల్ల అయితే 'మంచి సంబంధం వచ్చింది' అన్న ఒక్క మాట. మూడు ప్లస్ మూడు దారిలో ఒక ఏడాది ఎక్కువ పడుతుంది గానీ మూడేళ్లకు ఒక మజిలీ ఉంది. అక్కడ ఆగినా డిగ్రీ డిగ్రీయే, గ్రూప్స్ రాసుకోవడానికి, బీఈడీకి పోవడానికి పనికొస్తుంది. ఐదేళ్ల చదువు ఖర్చు, నిలకడ రెండూ ముందే కనిపిస్తున్న ఇంటికి ఇంటిగ్రేటెడ్ కోర్సు లాభం. అది కనిపించని ఇంటికి ఆ ఒక్క ఏడాది ఆదా కోసం ఐదేళ్ల పందెం కాయమని నేనైతే చెప్పను. లాసెట్‌లో రెండు దారులకూ పరీక్ష ఉంది. ఇంటర్‌లోనో డిగ్రీలోనో రావాల్సిన అర్హత మార్కులు కూడా ఒకటే, జనరల్‌కు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. ఇంటర్ తరవాత తొందరపడి ఎంచుకోకపోతే తలుపు మూసుకుపోతుందన్న భయం అక్కర్లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, ముఖ్యంగా ఆలస్యంగా లా వైపు చూస్తున్న ఉద్యోగస్తులకు. ఇంటర్ చదవకుండా అర్హత పరీక్షతో నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవారిని లా కోర్సుకు అర్హులుగా బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. పది, ఇంటర్, ఆపై డిగ్రీ అనే వరస ఉండాలి. అలాగే లా డిగ్రీనే దూరవిద్యలో చేస్తే న్యాయవాదిగా నమోదు కాలేరు. దూరవిద్యకు ఇచ్చిన మినహాయింపు లా పక్కన చదివే ఇతర కోర్సుకే గానీ లాకు కాదు.

ఇప్పుడు ఫైలు సంగతి. లా చదివిన మన పిల్లల్లో చాలామంది చివరికి ఎక్కడ పనిచేస్తారు? కొందరు హైదరాబాదులో ఉండిపోతారు. ఎక్కువమంది నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, భువనగిరి కోర్టుల్లో జూనియర్లుగా మొదలుపెడతారు. ఈ కోర్టులకు వచ్చే ఫైళ్లలో భూమి తగాదాలు, చెక్ బౌన్సులు, కుటుంబ కేసులు, ప్రమాద పరిహారాలు కలగలిసి ఉంటాయి. నకిరేకల్ గుండా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు, విజయవాడ నడుమ రాత్రింబవళ్లు బండ్లు ఆగవు. దారి పొడుగునా ప్రమాదాలూ ఆగవు. ఉదాహరణకు ఊహించుకుందాం: నిమ్మకాయల వ్యాపారం చేసుకునే 32 ఏళ్ల మనిషి, భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి అతని మీద ఆధారపడ్డవారు, లారీ గుద్ది చనిపోయాడు. నెల ఆదాయం 15,000 అని నిరూపించగలిగితే ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునే 40 ఏళ్ల లోపు మనిషికి భవిష్యత్తు సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, 2,52,000 అయింది. ఆధారపడ్డవారు నలుగురు కాబట్టి సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. అతని వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు పట్టికలో గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు, అంత్యక్రియల ఖర్చు వంటివి కాక.

ఈ లెక్కకు ఎంబీఏ అక్కర్లేదు, ఎనిమిదో తరగతి గణితం చాలు. కష్టమంతా మొదటి అంకె దగ్గరే ఉంది. జీతం చీటీ లేని మనిషి సంపాదన 15,000 అని ఎలా చూపాలి? మార్కెట్‌లో కమీషన్ ఏజెంటు రాసే చిట్టా ఏమంటోంది, బ్యాంకు పాస్‌బుక్‌లో జమలు ఏ నెల పెరిగాయి, నిమ్మ సీజనుకూ కానికాలానికీ తేడా ఎంత, ఎవరిని సాక్షిగా పిలవాలి. ఇవేవీ చూపలేకపోతే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ తనకు తోచిన అంకె వేసుకుంటుంది. 15,000 బదులు 10,000 అనుకుంటే ఆ కుటుంబానికి వచ్చేది 20,16,000. పది లక్షల తేడా. బీకాం శ్రద్ధగా చదివి లాకు వచ్చిన పిల్లవాడికి ఈ చిట్టాలు చదవడం చేతనవుతుంది. అతనికి మొదటి డిగ్రీ ఇలా పనికొచ్చింది. అతనే లా చదువుతూ పక్కన ఇంకేదో డిగ్రీ పేరుకు నమోదు చేసుకుని, రెండూ గైడ్లు చూసి గట్టెక్కి ఉంటే, పట్టాలు రెండుండేవి గానీ చిట్టా చదవడం వచ్చేది కాదు. మొదటి డిగ్రీలో ఏం చదివామన్నది ఇంత ముఖ్యమైనప్పుడు, 'ఎలాగూ లాకు పోతాం కదా, డిగ్రీ ఏదైతేనేం' అనే మాట ఎంత తప్పో చూడండి.

భూమి ఫైలు దగ్గరకొస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. తెలంగాణలో ఒక భూవివాదం మూలం వెతికితే ధరణి రికార్డు, దానికి ముందు పహాణీలు, 1954-55 ఖాస్రా పహాణీ, ఇంకా వెనక్కి పోతే నిజాం కాలపు సర్వే రికార్డు సేత్వార్ దాకా పోవాలి. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద వచ్చిన రక్షిత కౌలుదారు హక్కులు, 38-ఇ సర్టిఫికెట్లు ఇప్పటికీ కోర్టుల్లో నలుగుతున్నాయి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చి అప్పీళ్లకు మళ్లీ దారి తెరిచాక పాత కాగితం విలువ పెరిగిందే తప్ప తగ్గలేదు. ఆ సేత్వార్లలో, పాత ఫైసలాల్లో చాలా భాగం ఉర్దూలో ఉంది. కక్షిదారు తాతల నాటి కాగితం తెచ్చి బల్లమీద పెడితే మన యువ వకీళ్లలో ఎక్కువమంది దాన్ని చదివిపెట్టే పెద్దమనిషి కోసం వెతుక్కోవాల్సిందే. అతను చదివి చెప్పిందే నమ్మాలి. ఒక అంకె తప్పు చదివినా సర్వే నంబరు మారిపోతుంది. పాలమూరు జిల్లా నుంచి వెళ్లి హైదరాబాదులో వకీలై, తరవాత హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు ఉర్దూ, పారసీ, మరాఠీ భాషల్లో పండితుడు. ఆ తరం వకీళ్లకు భాషలు అలంకారం కాదు, పనిముట్లు.

బార్ కౌన్సిల్ 6వ నిబంధన వేరే కోర్సులను వద్దంటూనే భాషా సర్టిఫికెట్లకు మినహాయింపు ఇచ్చిందని గుర్తుందిగా. లా చదువుతూ పక్కన ఏదైనా చేయాలనుకునే నకిరేకల్ విద్యార్థికి నేను మొదట చెప్పేది ఉర్దూ చదవడం, రాయడం నేర్చుకోమని. రెండోది, అదే నిబంధన ఒప్పుకున్న కంప్యూటర్ కోర్సు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను కింద ఫోనులోని వీడియోనో వాట్సాప్ మెసేజినో సాక్ష్యంగా పెట్టాలంటే దాని హాష్ విలువతో సహా సర్టిఫికెట్ జతచేయాలి. హాష్ అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది; ఒక్క అక్షరం మార్చినా అది మారిపోతుంది. ఎదుటివారి సర్టిఫికెట్‌లో తప్పు పట్టాలన్నా, మన దాన్ని నిలబెట్టాలన్నా ఇది తెలియాలి. ఈ రెండు చిన్న చదువులకూ విజిటింగ్ కార్డు మీద పెద్ద అక్షరాలు రావు. వాటికి డిమాండు లేకపోవడానికి అసలు కారణం అదేనని నా అనుమానం.

ఇంకో డిగ్రీ లేకపోతే తలుపే తెరుచుకోని చోట్లు ఉన్నాయి, అవి ఒప్పుకోవాలి. పేటెంటు ఏజెంటు కావాలంటే సైన్సు, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉండాలని 1970 పేటెంట్ల చట్టం 126వ సెక్షను చెబుతుంది. వట్టి బీఏ ఎల్‌ఎల్‌బీతో ఆ పరీక్ష రాయలేరు. పర్యావరణ కేసుల్లోనూ సైన్సు బలం కావాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల దగ్గర ఒక పరిశ్రమ విషయంలో 1999లో జస్టిస్ ఎం.జగన్నాథరావు రాసిన ఎం.వి.నాయుడు కేసు తీర్పు, ఇలాంటి వివాదాలు తేల్చేచోట న్యాయమూర్తులతోపాటు శాస్త్రజ్ఞులూ ఉండాలని గట్టిగా చెప్పింది. 2010 చట్టంతో వచ్చిన నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌లో నిపుణ సభ్యులు ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన జిల్లా మనది. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే నీరి సంస్థ పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పడిందంటేనే తెలుస్తుంది. నీటి పరీక్ష రిపోర్టులో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములన్న అంకెను ప్రశ్నించగల వకీలు ఇక్కడ కావాలి. కెమిస్ట్రీ చదివిన పిల్లలకు ఇది మంచి దారి. అయితే జాగ్రత్తగా చూడండి: ఈ ఉదాహరణల్లో సైన్సు డిగ్రీ లా పక్కన చదివింది కాదు, లాకు ముందు చదివింది. బీఎస్సీ చేసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి వస్తే ఈ తలుపులన్నీ తెరిచే ఉంటాయి. పేటెంట్లు, సైబర్ చట్టాల లాంటి వాటిలో నల్సార్ దూరవిద్యా విభాగం పీజీ డిప్లొమాలు నడుపుతోంది. అవసరమైతే అటు చూడొచ్చు.

కార్పొరేట్ వైపు పోయేవారు కంపెనీ సెక్రటరీ కోర్సు గురించి అడుగుతారు. కంపెనీ చట్టం, పన్నులు రెండు చదువుల్లోనూ ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి పనికొస్తాయన్నది నిజం. కానీ 6వ నిబంధన వాచకంలో యూనివర్సిటీలే కాక వృత్తి విద్యా సంస్థలూ ఉన్నాయి. 'మా సీనియర్ చేశాడు' అన్న మాటమీద ఆధారపడకుండా, చేరకముందే కాలేజీని రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోవాలి. ఎవరో చెప్పగా విన్న మాటను కోర్టు మామూలుగా సాక్ష్యంగా ఒప్పుకోదు కదా.

ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. 'వకీలు పనిలో మొదటి ఐదారేళ్లు చేతికి ఏమీ రాదు. సీనియర్ ఇచ్చేది బస్సు చార్జీలకు చాలదు. తాతో తండ్రో వకీలైన ఇంటి పిల్లలు తట్టుకుంటారు. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. రెండో పట్టా అంటే మోజు కాదు, నిచ్చెన తప్పితే పట్టుకునే తాడు.' ఈ మాటను తేలిగ్గా కొట్టేయకూడదు, ఇందులో నిజముంది. సుప్రీంకోర్టు 2024 జూలైలో నమోదు ఫీజును జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని చెప్పాక లోపలికి పోవడం చౌక అయింది గానీ లోపల నిలవడం కాలేదు. అయినా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తున్న మనిషి చేతిలో ఆ తాడు ఇప్పటికే ఉంది: మొదటి డిగ్రీ. ఐదేళ్ల కోర్సు ముగించినవారికీ రెండు పట్టాలుంటాయి. గ్రూప్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. అదనంగా దూరవిద్యలో ఎంఏ కావాలంటే అంబేడ్కర్ సార్వత్రిక యూనివర్సిటీ ఉండనే ఉంది, నిబంధన దానికి అడ్డు రాదు. అది లా చివరి ఏడాది అయ్యాక, కోర్టుకు పోతూ చదివినా విలువ తగ్గదు. భద్రత కోసమే అయితే తొందరెందుకు?

'అంబేడ్కర్ చదవలేదా?' అని అడిగేవారుంటారు. చదివారు. 1916లో లండన్‌లో గ్రేస్ ఇన్‌లో బారిస్టరీకి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అర్థశాస్త్రానికి ఒకేసారి చేరారు. ఏడాది తిరక్కుండానే బరోడా ఉపకారవేతనం గడువు ముగిసి 1917లో నడుమలోనే తిరిగి రావాల్సివచ్చింది. డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్లీ వెళ్లి రెండూ పూర్తిచేశారు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది పట్టాల లెక్క కాదు. ఆయన అర్థశాస్త్రం పక్కవాటు చదువు కాదు. రూపాయి సమస్య మీద లండన్‌లో రాసిన పరిశోధన ఆయన ప్రజాజీవితంలో మళ్లీ మళ్లీ పనికొచ్చింది. పైగా అప్పటి ఇన్‌లలో టర్ములు నిలబెట్టుకోవడమంటే అక్కడి విందులకు హాజరవడమే. వారానికి 30 గంటల తరగతులు, బయోమెట్రిక్ ఉన్న నేటి చదువును దానితో పోల్చలేం. ఉపకారవేతనం ఆగితే ఎంతటి మేధావికైనా నడుమలో చదువు ఆగుతుందన్న సంగతి మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

రెండు పట్టాలుంటే రెండు వృత్తులు చేసుకోవచ్చన్న ఆశ కూడా ఒకటుంది. దానికి జవాబు 1996లోనే వచ్చింది. హనీరాజ్ చులానీ అనే శస్త్రవైద్యుడు వైద్యం చేస్తూనే లా చదివి, వైద్యం వదలకుండా న్యాయవాదిగా నమోదు చేయమని మహారాష్ట్ర, గోవా బార్ కౌన్సిల్‌ను అడిగారు. కుదరదన్నారు. సుప్రీంకోర్టు దాకా పోయినా అదే తీర్పు: వకీలు వృత్తి పూర్తికాలపు శ్రద్ధ కోరుతుంది, ఇంకో వృత్తి సాగిస్తూ అందులోకి రాలేరు. పూర్తికాల జీతం ఉద్యోగంలో ఉన్నవాళ్లు ప్రాక్టీసు చేయరాదని బార్ కౌన్సిల్ 49వ నిబంధన ఉండనే ఉంది. బీఈడీ చేసి టీచరుగా ఉంటూ సెలవుల్లో వకాలతు వేద్దామనుకునేవారు ఇది గమనించాలి.

జడ్జీ కావాలనుకునేవారికి 2025 మే 20న ఇంకో లెక్క మారింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే న్యాయవాదిగా కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని జస్టిస్ గవాయి ధర్మాసనం పాత నియమాన్ని తిరిగి తెచ్చింది. చదువు ముగిసిన వెంటనే పరీక్ష రాసే దారి మూసుకుపోయింది. పద్దెనిమిదేళ్లకు ఇంటర్ ముగిస్తే ఐదేళ్ల కోర్సులో ఇరవై మూడుకు లా చేతికొస్తుంది, ఇరవై ఆరుకు పరీక్ష. మూడు ప్లస్ మూడులో ఇరవై ఏడు. ఎల్‌ఎల్‌బీ అయ్యాక రెండేళ్ల రెగ్యులర్ ఎంబీఏకు పోతే ప్రాక్టీసు మొదలయ్యేదే ఇరవై ఐదు, ఇరవై ఆరుకు. ఈ మూడేళ్లను ఏ పట్టా భర్తీ చేయలేదు. కోర్టు హాల్లో నిలబడి, వాయిదాలు అడిగి, సాక్షిని ప్రశ్నించి గడిపిన మూడేళ్లవి. ఒకవేళ రెండో డిగ్రీ ఆశ ఇంకా తీరకపోతే, ఆ మూడేళ్లలో దూరవిద్యలో సమాజశాస్త్రమో అర్థశాస్త్రమో చదువుకోవచ్చు. ఈ ఏడాది లా సీటు వచ్చినవారు ఇంకో కోర్సు ఫీజు కట్టకముందు కాలేజీ ఆఫీసులో ఇచ్చే డిక్లరేషన్ కాగితం ఒకటికి రెండుసార్లు చదువుకుని, దానిమీద తాము పెట్టే సంతకం నిజమవుతుందో లేదో చూసుకుంటే చాలు. ఉర్దూ తరగతికి మాత్రం ఆ కాగితం అడ్డు రాదు.